బల్ల మీద రెండు ఏడులు, ముందు మాట్లాడాల్సింది నువ్వు

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కొర్లగుంట. మేం ఐదుగురు స్నేహితులం శనివారం రాత్రిళ్ళు మా మిద్దె మీద నో-లిమిట్ హోల్డెమ్ ఆడుకుంటాం, అంటే ఎంతైనా పందెం పెట్టగలిగే పోకర్ పేకాట. డబ్బు లేదు, ప్లాస్టిక్ చిప్స్ మాత్రమే. తలా పదివేల పాయింట్లు, బ్లైండ్లు (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ పందేలు) 50-100. లెక్క నోట్‌బుక్కులో రాసుకుంటాం. అందరికంటే అడుగున ఉన్నవాడు వచ్చే వారం టీ కాయాలి. మామూలుగా నేను బాగానే ఆడతాను గానీ ఫ్లాప్‌లో (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) జత పడిందంటే చాలు, టెన్షన్ మొదలవుతుంది. అందులోనూ బిగ్ బ్లైండ్‌లో ఉండి ముందు నేనే మాట్లాడాల్సి వస్తే ఇక ఏమీ తోచదు. పోయిన వారం మూడు ఆటలు పాడుచేసుకున్నాను.

ఒకటి. నా దగ్గర ఆసు-10. బటన్ మీదున్నవాడు (ఫ్లాప్ తర్వాత చివర మాట్లాడేవాడు) 250కి రైజ్ చేస్తే, అంటే పందెం పెంచితే, నేనొక్కణ్ణే కాల్ చేశాను, అంటే వాడితో సమానంగా పెట్టాను. ఫ్లాప్ 7-7-3. నేను చెక్ అన్నాను, అంటే ఏమీ పెట్టకుండా మాట వాడికి వదిలాను, వాడు 180 పెట్టాడు. ఏడు ఉందేమోనని పడేశాను. వాడు రాజు-రాణి తిప్పి చూపించాడు.

రెండు. నా దగ్గర ఇస్పేటు 8-7. రైజ్, కాల్ అన్నీ అలాగే. ఫ్లాప్ 8-8-5. మూడు ఎనిమిదులు దొరికాయని బయటపడకుండా చెక్ చేసి, వాడి 180కి కాల్ మాత్రం చేశాను. టర్న్‌లో (నాలుగో ముక్క దగ్గర) ఇద్దరం చెక్. రివర్‌లో (ఐదో ముక్క దగ్గర) నేను బెట్ పెట్టగానే వాడు పడేశాడు.

మూడు. నా దగ్గర 4-4. ఫ్లాప్ జాకి-9-9. టర్న్ ఇంకో జాకి, రివర్ 2. చివరిదాకా కాల్ చేసుకుంటూ పోయాను. వాడు ఆసు-రాణి చూపించి పాట్ (మధ్యలో పోగైన చిప్స్) లాక్కున్నాడు. నా దగ్గర జత ఉంది, వాడి దగ్గర ఏమీ లేదు. ఎలా ఓడిపోయాను?

ఇంకో మాట. యాప్‌లో డబ్బు పెట్టి ఆడితే త్వరగా నేర్చుకుంటావని మావాళ్ళలో ఒకడు అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: తమ్ముడూ, మూడో ఆటతో మొదలుపెడతాను. అందులో ఏం జరిగిందో నీకు ఇంకా అర్థం కాలేదు. అది తేలకపోతే మిగతాది ఎంత చెప్పినా ఎక్కదు.

హోల్డెమ్‌లో గెలుపోటములు తేలేది ఐదు ముక్కలతో. చేతిలోవి రెండు, బల్ల మీదవి ఐదు, ఆ ఏడింటిలో మేలైన ఐదు. రివర్ పడేసరికి బల్ల మీద రెండు జాకీలు, రెండు తొమ్మిదులు, ఒక రెండు ఉన్నాయి. ఐదు ముక్కల్లో రెండు జతలకే చోటుంటుంది, మూడో జతకి ఉండదు. జాకీలూ తొమ్మిదులూ నీ నాలుగుల కంటే పెద్దవి, అవి బల్ల మీదున్నాయి కాబట్టి ఇద్దరికీ చెందుతాయి. మిగిలింది ఐదో ముక్క. అక్కడ నీకు 4, వాడికి ఆసు. టర్న్‌లో జాకి పడిన క్షణంలోనే నీ జత చెల్లకుండా పోయి ఒంటి నాలుగు మిగిలింది. వాడి చేతిలో ఆసు కాదు, ఉత్త ఆరు ఉన్నా నువ్వు ఓడిపోయేవాడివే.

ఫ్లాప్ దగ్గర మాత్రం నువ్వు ముందున్నావు, అది నిజం. తొమ్మిదుల జత, నాలుగుల జత నీవి. వాడికి తొమ్మిదుల జత, పైన ఆసు. కానీ ఆ ఆధిక్యం ఎంత పలచనో చూడు. మూడు ఆసులు, మూడు రాణులు, మిగిలిన మూడు జాకీలు, ఈ తొమ్మిదింటిలో ఏది పడినా వాడిదే పాట్. టర్న్, రివర్ రెండు అవకాశాలు కలిపితే మూడింట ఒకసారి కంటే కాస్త ఎక్కువే. వాడి చేతిలో ఏముందో నీకు తెలియదు కాబట్టి నీ వైపు నుంచి చూస్తే మూడు జాకీలూ బయటే ఉన్నట్టు లెక్క. వాటిలో ఒకటైనా రివర్ లోపల పడటం ఎనిమిదింట ఒకసారి జరుగుతుంది. అందుకే 2-2 నుంచి 5-5 దాకా చిన్న జతలు చేతిలో ఉండి, జత పడిన ఫ్లాప్‌లో మూడో ముక్క పెద్దదైతే, చిన్న బెట్‌కి ఒక్కసారి కాల్ చెయ్యి. నీ అంకె పడకపోతే అక్కడితో ఆపెయ్యి. బల్ల మీద రెండో జత కూడా పడితే ఇక నీ చేతిలో జత ఉన్నట్టు లెక్కపెట్టుకోకు.

ఇప్పుడు నీ భయం దగ్గరికి వద్దాం. ఆ భయం నాకు బాగా తెలుసు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావ చిత్తూరు వచ్చినప్పుడల్లా మా ఇంటి వరండాలో ఈ ఆట నేర్పించాడు. అంతకుముందు నాకు తెలిసింది రమ్మీ, మూడు ముక్కలాట. మూడు ముక్కలాటలో ట్రయల్ (ఒకే అంకె ముక్కలు మూడు) అంటే అందరి గుండెలూ ఆగిపోతాయి కదా. ఆ అలవాటుతో బల్ల మీద రెండు ఒకే రకం ముక్కలు పడగానే, మూడోది ఎవడి దగ్గరో ఉండే ఉంటుందని అనిపించేది. రెండేళ్ళు అలా పడేస్తూనే ఉన్నాను. ఆ రెండేళ్ళలో ఎన్ని పాట్‌లు వదులుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఈ భయాన్ని మాటలతో పోగొట్టలేం. పేక తీసుకుని కూర్చోవాలి. ఒక పేకలోంచి రెండు ఏడులు, ఒక మూడు తీసి బల్ల మీద పెట్టు. మిగిలిన 49 ముక్కలు బాగా కలిపి, పైనుంచి రెండు ముక్కలు తిప్పు. అందులో ఏడు ఉందా? లేదు. వాటిని తిరిగి పేకలో వేసి, కలిపి, మళ్ళీ తిప్పు. ఇరవై సార్లు చెయ్యి. సగటున ఒకటి రెండుసార్లే ఏడు కనిపిస్తుంది, లెక్క ప్రకారం నూటికి ఎనిమిది. అవతలివాడి దగ్గర ఉండటానికి రెండే ఏడులు మిగిలాయి, మిగతా రెండూ నీ కళ్ళముందే ఉన్నాయి. మొదటి ఆటలో నీ చేతిలో ఆసు-10 ఉందిగా, ఆ రెండూ తీసేసి లెక్కేసినా నూటికి ఎనిమిదిన్నర దాటదు. ఈ ఇరవై సార్లు తిప్పడం నువ్వు నిజంగా చెయ్యాలి. నేను రాసింది చదివి ఊరుకుంటే శనివారం రాత్రి మళ్ళీ అదే భయం పట్టుకుంటుంది.

జత పడిన ఫ్లాప్ అరుదు కూడా కాదు. మూడు ముక్కల ఫ్లాప్‌లు మొత్తం 22,100 రకాలు, వాటిలో సరిగ్గా ఒక జత ఉన్నవి 3,744. అంటే ఆరింట ఒకటి. ఒక రాత్రిలో అరవై ఫ్లాప్‌లు చూస్తే పది ఇలాంటివే. ఆ పదింటినీ వదులుకుంటే మిగతా యాభైలో ఎంత బాగా ఆడినా టీ కాయాల్సింది నువ్వే.

జనం తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఇంకొకటుంది. మామూలు ఫ్లాప్‌లో మూడు వేర్వేరు అంకెలుంటాయి. వాటితో కలిసే ముక్కలు పేకలో ఇంకా తొమ్మిది ఉంటాయి. 7-7-3 ఫ్లాప్‌తో కలిసేవి ఐదే, రెండు ఏడులు, మూడు మూడులు. అందుకే మామూలు ఫ్లాప్ ఏదో ఒక చేతికి తగలడం మూడింట ఒకసారి జరిగితే, జత పడిన ఫ్లాప్ తగలడం ఐదింట ఒకసారే. జత చూసి నువ్వు భయపడుతున్నావు గానీ అసలు ఆ ఫ్లాప్ చాలాసార్లు ఎవ్వరికీ తగల్లేదు. నీకూ తగల్లేదు, వాడికీ తగల్లేదు. ఇది ముందు గుర్తించినవాడు 180 పెట్టి పాట్ తీసుకుపోతాడు. పోయిన శనివారం మీ మిద్దె మీద జరిగింది అదే.

ముందు మాట్లాడాల్సి రావడం వల్ల నష్టం ఉంది, కాదనను. మా నాన్నకి మామిడి తోట ఉండేది. కాయ దిగే ముందు తోట గుత్తకి అడగడానికి వ్యాపారులు వచ్చేవాళ్ళు. చెట్ల మధ్య తిరిగి, కాపు చూసి, చివరికి గట్టు మీద కూర్చునేవాళ్ళు. ‘ఎంతకిస్తావు?’ అని వాళ్ళు, ‘నువ్వే చెప్పు సామీ’ అని మా నాన్న. అరగంట అలాగే నడిచేది. ముందు ధర చెప్పినవాడు తన మనసు బయటపెట్టుకున్నట్టే. పేకాటలో ఔట్ ఆఫ్ పొజిషన్ అంటే ఫ్లాప్, టర్న్, రివర్ మూడు చోట్లా నువ్వే ముందు నోరు తెరవాలి. కానీ నీకూ ‘నువ్వే చెప్పు సామీ’ అనే మాట ఉంది. దాని పేరు చెక్. చెక్ అంటే ఓటమి ఒప్పుకోవడం కాదు. రైజ్ చేసినవాడు వాడు, కాబట్టి ముందు వాణ్ణే మాట్లాడనివ్వు.

అందుకే నా సలహా ఇది. బిగ్ బ్లైండ్‌లో కాల్ చేసి జత పడిన ఫ్లాప్ చూశావంటే, చేతిలో ఏమున్నా ముందు చెక్ చెయ్యి. మంచి ముక్కలున్నా చెక్, లేకున్నా చెక్. కొందరు చిన్న జతల ఫ్లాప్‌లో ముందే బెట్ పెడతారు, అందులో తప్పు లేదు. కానీ నీ స్థాయిలో ఏడు దొరికినప్పుడే ముందు బెట్ పెడతావు, రెండు వారాల్లో అందరూ అది కనిపెడతారు. అన్నీ చెక్ చేస్తే నీ చెక్‌లోంచి వాళ్ళు ఏమీ చదవలేరు.

ఇప్పుడు నీ మొదటి ఆట. పాట్ 550 ఉంది, వాడు 180 పెట్టాడు. నువ్వు 180 పెడితే చేతికి వచ్చే పాట్ 910. అంటే ఐదింట ఒక్కసారి గెలిచినా నీకు నష్టం లేదు. ఇక వాడి వైపు నుంచి చూడు. 180 పెట్టి 550 కొట్టేయాలనుకుంటున్నాడు. నువ్వు నాలుగింట ఒకసారి పడేస్తే చాలు, వాడి చేతిలో ఎంత చెత్త ఉన్నా వాడికి గిట్టుతుంది. నువ్వు నాలుగింట ఒకసారి కాదు, దాదాపు ప్రతిసారీ పడేస్తున్నావు. ఇలాంటప్పుడు వాడు ముక్కలు చూసుకోవాల్సిన పని కూడా లేదు.

నీ ఆసు-10 అక్కడ తీసిపారేసే ముక్కలు కావు. ఎవరికీ ఏమీ తగలని ఫ్లాప్‌లో ఆసు ఉన్నవాడే పెద్ద. వాడి రాజు-రాణి మీద చివరిదాకా వెళ్తే నాలుగింట మూడుసార్లు నువ్వే గెలిచేవాడివి. వాడి దగ్గర 9-9 ఉందనుకున్నా ఆసులూ పదులూ కలిపి ఆరు ముక్కలు నిన్ను గెలిపిస్తాయి. కాబట్టి కాల్ చెయ్యి. టర్న్‌లో మళ్ళీ చెక్ చెయ్యి. అప్పుడు వాడు కూడా చెక్ చేస్తే వాడి దగ్గర పెద్దగా ఏమీ లేదని తెలిసిపోయినట్టే, రివర్‌లో చిన్న బెట్ పెడితే కాల్ చెయ్యి. టర్న్‌లో 600 లాంటి పెద్ద బెట్ పెడితే మాత్రం, ఆసో పదో పడితే తప్ప వదిలెయ్యి. ఇళ్ళల్లో స్నేహితుల మధ్య ఆడేవాళ్ళలో ఒకసారి ఉత్తుత్తి బెట్ పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు, రెండోసారి కూడా పెట్టే ధైర్యం కొద్దిమందికే ఉంటుంది. ఇదంతా నా అనుభవంలో చూసిందే.

ఆసు ఉన్న ముక్కలే కాదు. రాణి-జాకి లాంటివి ఉండి బల్ల మీద 5-5-3 ఉంటే, రెండు పెద్ద ముక్కలూ నీ చేతిలోనే ఉన్నట్టు, చిన్న బెట్‌కి వాటినీ కాల్ చేయొచ్చు. 9-6 లాంటివి రంగు (ఇస్పేటు, ఆఠీను లాంటి గుర్తు) కలవకుండా, స్ట్రెయిట్ (వరసగా ఐదు అంకెలు) దారి కూడా లేకుండా ఉంటే నిస్సందేహంగా పడెయ్యి. అన్నీ పట్టుకోమని చెప్పడం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ జత ఎవరిది అన్న ప్రశ్న. జత పడగానే ‘నా దగ్గర ఉందా’ అని అందరూ తలలు దించి సొంత ముక్కలు చూసుకుంటారు. నువ్వు తల ఎత్తి రైజ్ చేసినవాణ్ణి చూడు. ఈ అంకె ఉన్న ముక్కలతో వాడు రైజ్ చేసి ఉంటాడా, నేను కాల్ చేసి ఉంటానా అని ఆలోచించు.

రాజు-రాజు-4 పడిందనుకో. రాజు ఉన్న ముక్కలతో రైజ్ చేయడం ఎవరికైనా అలవాటే. ఆసు-రాజు, రాజు-రాణి, రాజు-జాకి ఉన్నది వాడి దగ్గరే. నీ దగ్గర రాజు ఉంటే అది ఎక్కువగా రాజు-8, రాజు-6 రకం. ఆ జత వాడిది. అక్కడ నీకు మూడు రాజులు దొరికినా పొంగిపోకు. చెక్ చేసి కాల్ చేస్తూ వెళ్ళు, పాట్‌ని నువ్వు పెంచకు. కిక్కర్ దగ్గర, అంటే రాజుకి తోడున్న రెండో ముక్క దగ్గర, దెబ్బ తింటావు. ఆసు-ఆసు-5 ఫ్లాప్ కూడా ఇలాంటిదే, కానీ దాంట్లో ఇంకో సంగతి ఉంది. ఆసులు రెండు బల్ల మీదే ఉన్నాయి కాబట్టి వాడి దగ్గర ఆసు ఉండటం కష్టం, అయినా ఉన్నట్టు నటించడం చాలా సులువు. నీ చేతిలో 8-8 లాంటిది ఉంటే చిన్న బెట్‌కి భయపడి పడెయ్యకు.

6-6-4, 7-7-3, 5-5-8 లాంటివి పడ్డాయనుకో. బిగ్ బ్లైండ్‌లో 100 అప్పటికే పెట్టేశావు, ఇంకో 150 వేస్తే ఫ్లాప్ చూడొచ్చని ఒకే రంగు 7-6, 6-5 లాంటివి పట్టుకుని కూర్చునేది నువ్వే. ఆ జత నీది. అది నీకు తెలిసినట్టే కాస్త ఆలోచించే వాడికీ తెలుసు. ఇక్కడ నువ్వు చెక్ చేసి, వాడు బెట్ పెట్టాక రైజ్ చేస్తే వాడు నమ్మాల్సిందే. జాకీలు, పదులు, తొమ్మిదుల జతలు మాత్రం ఇద్దరివీ. వాటి దగ్గర జాగ్రత్తగా ఉండు. 2-2, 3-3 పడితే మామూలుగా ఎవరిదీ కాదు.

ఇక రెండో ఆట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా మనసు కలుక్కుమంది. ఎందుకంటే మిగతా రెండింటిలో నువ్వు పోగొట్టుకున్నది వందలే. ఇక్కడ వేలు.

8-8-5 మీద నీకు 8-7. నువ్వు దాక్కున్నావు. వాడు 250, 180 కలిపి 430 పెట్టాడు, స్మాల్ బ్లైండ్ వదిలేసిన 50 ఉంది. నీకు మిగిలిన లాభం 480. ఫ్లాప్ దగ్గరే నువ్వు రైజ్ చేసి, వాడు వెంటనే పడేసి ఉంటే ఎంత వచ్చేది? అదే 480. ఒక్క పాయింటు కూడా తేడా లేదు. అంటే అంత కష్టపడి దాక్కున్నందుకు నీకు వచ్చింది సున్నా. అదే వాడు కాల్ చేసి ఉంటే? వాడి 180 మీద నువ్వు 650కి రైజ్ చేశావనుకో. వాడు కాల్ చేస్తే పాట్ 1,850. టర్న్‌లో 1,200 పెట్టు, కాల్ చేస్తే 4,250. రివర్‌లో 2,800 పెట్టు, కాల్ చేస్తే 9,850. అందులో 4,900 వాడివి. అన్నిసార్లూ కాల్ చేయడు, నిజమే. కానీ 9-9, 10-10, ఆసు-5, 7-6 పట్టుకున్నవాడు ఫ్లాప్ దగ్గర ఆ రైజ్‌కి అంత తేలిగ్గా పడేయడు. నో-లిమిట్‌లో పాట్ మెట్లు మెట్లుగా పెరుగుతుంది. కింది మెట్టు చిన్నదైతే పై మెట్టు పెద్దది కాలేదు. ముందు మాట్లాడేవాడికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే టర్న్‌లో నువ్వు చెక్ అంటే వాడు కూడా చెక్ అని ఒక మెట్టు మొత్తం దాటించేస్తాడు. నీకు జరిగింది సరిగ్గా అదే.

కాబట్టి చిన్న జత పడి, మూడోది నీకు దొరికి, వాడు బెట్ పెడితే రైజ్ చెయ్యి. బెట్‌కి మూడున్నర రెట్లు బాగుంటుంది. నీ చేతిలో ఒక ఎనిమిది ఉండగా మిగిలిన ఒక్క ఎనిమిది వాడి దగ్గర ఉండటం నూటికి దాదాపు నాలుగుసార్లే. ఆ నాలుగుసార్లలో ఆసు-8తో వాడు నిన్ను కొడితే కొట్టనివ్వు. ఆ భయంతో మిగతా తొంభై ఆరు సార్లు వదులుకోకూడదు. పైగా ఒకే అంకె మూడు దొరికిన చేతికి రివర్ లోపల ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) కానీ అంతకు మించింది కానీ మూడింట ఒకసారి పడుతుంది.

మూడు దొరికినప్పుడే రైజ్ చేస్తే మళ్ళీ మీవాళ్ళు పట్టేస్తారు కదా అంటావు. సరైన ప్రశ్నే. అందుకని అప్పుడప్పుడు 7-7-3 మీద ఒకే రంగు 5-4 లాంటి ముక్కలతో కూడా రైజ్ చెయ్యి. 6 పడితే స్ట్రెయిట్ వస్తుంది, పడకపోతే వాడు పడేసే అవకాశం ఉంటుంది. ఒట్టి ఖాళీ చేతితో మాత్రం చెయ్యకు. మీ ఐదుగురిలో ఏది చూపించినా కాల్ చేసేవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడి మీద ఈ పని అస్సలు చెయ్యకు. వాడి మీద మూడు దొరికినప్పుడు పెద్ద బెట్ పెట్టడమే చాలు, బ్లఫ్ అక్కర్లేదు.

ఇంతదాకా చెప్పింది ఇద్దరే మిగిలినప్పటి మాట. మిద్దె మీద ఆటల్లో నలుగురూ ఫ్లాప్ చూడటం ఎక్కువ, అది నువ్వు రాయలేదు గానీ ఊహించగలను. ముగ్గురు అవతల ఉంటే వాళ్ళలో ఒకరి దగ్గరైనా ఏడు ఉండటం నూటికి ఎనిమిది నుంచి ఇరవై నాలుగుకి పోతుంది, అంటే నాలుగింట ఒకసారి. అదీ ఏ ముక్కలొచ్చినా ఎవరూ పడేయలేదనుకున్నప్పటి లెక్క, కానీ మీ ఆటకి దగ్గరగానే ఉంటుంది. అప్పుడు ఆసు-10తో కాల్ చేయడం మంచిది కాదు. నీ వెనక ఇంకా ఇద్దరు మాట్లాడాల్సి ఉండగా 180 చిన్న బెట్ అనిపించినా పడెయ్యి. మూడు దొరికితే మాత్రం ఇంకా గట్టిగా రైజ్ చెయ్యి.

ఫ్లష్ (ఐదు ముక్కలూ ఒకే రంగు) కోసం ఎదురుచూసేటప్పుడు ఒక జాగ్రత్త. 9-9-4లో రెండు ఆఠీన్లు, నీ చేతిలో రెండు ఆఠీన్లు ఉంటే చిన్న బెట్‌కి కాల్ చెయ్యి, పెద్ద బెట్‌కి రెండుసార్లు ఆలోచించు. తొమ్మిది ఉన్నవాడికి ఇప్పుడే చెప్పినట్టు మూడింట ఒకసారి ఫుల్ హౌస్ పడుతుంది. నీ ఫ్లష్ పడి కూడా మొత్తం చిప్స్ పోగొట్టుకునే చోటు ఇదే.

నువ్వే రైజ్ చేసి, బటన్ మీదున్నవాడు కాల్ చేసి, ముందు నువ్వే మాట్లాడాల్సి వస్తే? పెద్ద అంకెల జత పడితే పాట్‌లో మూడో వంతు బెట్ పెట్టు, చాలాసార్లు అక్కడే గెలుస్తావు. చిన్న అంకెల జత పడితే చెక్ చేసి చూడు.

యాప్ సంగతి. వద్దు తమ్ముడూ. మన రాష్ట్రంలో 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ, పోకర్ మీద నిషేధం తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఒక ఎత్తు, నువ్వు రాసిన మూడు ఆటలు ఇంకో ఎత్తు. ఆ మూడింటినీ జీతం డబ్బుతో ఆడావనుకో, భయం తగ్గుతుందా, పెరుగుతుందా? చిప్స్ పోతేనే నీకు అంత టెన్షన్. నీ స్నేహితుడితో గట్టిగానే చెప్పు. వాడు ఇప్పటికే ఎక్కడో డబ్బు పెడుతున్నాడేమో కూడా పక్కకి పిలిచి నెమ్మదిగా అడుగు. స్నేహితుడివి కాబట్టి నువ్వు అడిగితేనే చెప్తాడు.

నేర్చుకోవడానికి మీ నోట్‌బుక్కే చాలు. వచ్చే శనివారం వెనక పేజీలో జత పడిన ఫ్లాప్‌లు మాత్రమే రాయి. ఫ్లాప్ ఏమిటి, నువ్వు ఎక్కడ కూర్చున్నావు, ఎంతమంది ఉన్నారు, ఆ జత ఎవరిదని అనుకున్నావు, ఏం చేశావు, చివరికి ఎవరు ఏం చూపించారు. పడేసినప్పుడు కూడా రాయాలి, అవతలివాడు ముక్కలు చూపించకపోతే అడిగి మరీ చూడు, స్నేహితులే కాబట్టి చూపిస్తారు. నాలుగు శనివారాలు రాస్తే ముప్పై నలభై వస్తాయి. ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపు. రైజ్ చెయ్యాల్సిన చోట కాల్ చేసినవి ఎన్ని ఉన్నాయో ఇద్దరం కూర్చుని చూద్దాం.